మేకకు టీకా... జింకకు రక్ష!

గాజులరామారంలో ఊరు ఎక్కడ అయిపోతుందో, అడవి ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఒకవైపు జీడిమెట్ల ఫ్యాక్టరీలు, ఇంకోవైపు అపార్టుమెంట్ల వరసలు. మధ్యలో పెద్దపెద్ద బండరాళ్లు, ముళ్లపొదలు, అటవీశాఖ కంచె. ఆ కంచె లోపలే ప్రాణవాయు పేరుతో అర్బన్ ఫారెస్ట్ పార్కు. పొద్దున్నే మనుషులు మంచిగాలి కోసం వస్తారు. మేకలు ఆకుల కోసం వస్తాయి. వీధికుక్కలు ఎవరో పడేసిన బిర్యానీ పొట్లాల కోసం వస్తాయి. కంచె మనుషులకు మాత్రమే అర్థమయ్యే విషయం. మేకకీ కుక్కకీ దాంతో పనిలేదు. ఈగకీ దోమకీ గోమారికీ అసలే లేదు.

అక్కడి నుంచి ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే శామీర్‌పేట. చెరువు, పక్కనే జింకల పార్కు. ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లే కుటుంబాలకు బాగా తెలిసిన చోటే. అక్కడ చుక్కల జింకల్ని చూసి ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డాక ఎవరో ఒకరు ఈ మాట అంటారు... ‘అడవుల్లో జింకలు తగ్గిపోతున్నాయంటారు కదా, వీటిలో కొన్నిటిని లారీ ఎక్కించి పంపేస్తే పోలా?’

వినడానికి ఎంత బాగుంది! నిజానికి చాలాకాలం పాటు ప్రపంచమంతా అలాగే అనుకుంది. అంతరించిపోయే జంతువుని పట్టుకోవాలి, జూలో పెంచాలి, పిల్లల్ని పెట్టించాలి, తలుపు తీసి అడవిలోకి వదలాలి. మూడు ముక్కల్లో అయిపోయే కథ. కానీ ఆ తలుపు తీసే ముందు ఒక మనిషి అడ్డం నిలబడాలి. ఆయన పశువుల డాక్టరు. ఆయన అడిగేది రెండే ప్రశ్నలు. ఈ జంతువు తనతో పాటు అడవికి ఏ రోగాన్ని మోసుకెళ్తోంది? అక్కడ దీనికోసం ఏ రోగం కాచుకుని కూర్చుంది?

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం దొరక్కుండా తలుపు తీసినచోట ఏం జరిగిందో చెప్పుకునే ముందు, మన హైదరాబాద్‌లోనే జాగ్రత్తగా తలుపు తీసిన ఒక కథ ఉంది. దాని కథానాయకుడి బరువు మూడు కిలోలు.

కుందేలంత జింక

మూషిక జింక పేరు విన్నవాళ్లే తక్కువ. చూసినవాళ్లు ఇంకా తక్కువ. అడుగు ఎత్తు కూడా ఉండదు. పుల్లల్లాంటి కాళ్లు, ఒంటిమీద తెల్లటి చుక్కలు, చారలు. కొమ్ములుండవు. వాటికి బదులు మగదానికి పై దవడ నుంచి రెండు కోరలు బయటికి వస్తాయి. ఆ కోరల్ని, ఆ గుండ్రటి నడుముని చూసే కాబోలు మనవాళ్లు దాన్ని కురుపంది అన్నారు. నిజానికి ఇది పందీ కాదు, అచ్చమైన జింకా కాదు. నెమరువేసే జంతువుల్లో చాలా పాత కుటుంబానికి చెందింది. పగలంతా చెట్టు తొర్రలోనో రాళ్ల సందులోనో నక్కి ఉంటుంది. రాత్రి బయటికొచ్చి రాలిన పండ్లు, చిగుళ్లు తింటుంది. మనదేశంలో వన్యప్రాణి చట్టం దీన్ని పులితో పాటు మొదటి షెడ్యూలులో పెట్టింది. అంటే చట్టం దృష్టిలో రెండూ సమానమే. జనం దృష్టిలో మాత్రం కాదు. పులి కోసం సఫారీలు, పోస్టర్లు, స్టాంపులు. మూషిక జింకకు ఉచ్చులు, కూరకుండ.

అలా నల్లమలలో చాలాచోట్ల కనపడకుండా పోయిన ఈ చిన్నప్రాణి కోసం 2010లో ఒక ప్రయత్నం మొదలైంది. సీసీఎంబీకి అనుబంధంగా అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. అంతరించిపోయే జీవజాతుల కోసమే పెట్టింది. శాస్త్రవేత్త లాల్‌జీ సింగ్ ఆలోచన అది. 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల జింకకు పిల్లను పుట్టించింది ఈ ప్రయోగశాలే. ఆ పిల్లకు ‘స్పాటీ’ అని పేరు కూడా పెట్టారు. ఆ లాకోన్స్, నెహ్రూ జూ, సెంట్రల్ జూ అథారిటీ, అటవీశాఖ కలిసి మూషిక జింకల్ని పెంచడం మొదలుపెట్టాయి. మొదట ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కొన్నేళ్లకు వందలు దాటాయి. ఈ జంతువులో ఒక చిత్రం ఉంది. ఈనిన కొద్ది గంటల్లోనే ఆడది మళ్లీ ఎదకు వస్తుంది. ప్రకృతి ఇచ్చిన ఆ తొందర, మనుషులు చూపించిన ఓపిక రెండూ కలిసొచ్చాయి.

2017 మార్చిలో ఎనిమిది మూషిక జింకలు... రెండు మగ, ఆరు ఆడ... హైదరాబాద్ నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి ప్రయాణం కట్టాయి. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి అది. అంత అడవిలో మూడేసి కిలోల ప్రాణులు ఎనిమిది. అయినా వాటిని తిన్నగా అడవిలోకి వదల్లేదు. అడవి మధ్యలోనే కంచె వేసిన ఒక ఆవరణలో పెట్టారు. కొత్తకోడలు వంటింట్లో అడుగుపెట్టే ముందు నాలుగురోజులు చుట్టూ చూసుకున్నట్టు... అక్కడి గాలి, నీరు, ఆకు, చప్పుళ్లు అలవాటు కావాలి. ఈలోగా ఏ జబ్బయినా బయటపడితే కంచె లోపలే బయటపడాలి.

పెంటికల్లో జాతకం

జబ్బు ఉందో లేదో తెలుసుకోవాలంటే మామూలుగా ఏం చేస్తాం? రక్తం తీసి పరీక్షకు పంపిస్తాం. మూషిక జింక దగ్గర ఆ పప్పులుడకవు. ఇది అసలే భయస్తురాలు. అడవి జంతువుల్ని, ముఖ్యంగా జింకజాతి వాటిని పట్టుకుని పెనుగులాడితే కండరాలు దెబ్బతింటాయి. ఆ కండరాల్లోంచి వచ్చే విషపదార్థాలు మూత్రపిండాల్ని, గుండెని పాడుచేస్తాయి. ఒంటిమీద గాటు కూడా ఉండదు. వదిలిపెట్టగానే లేచి పరిగెత్తిందనుకుంటాం. కొన్ని గంటలకో కొన్ని రోజులకో పడిపోతుంది. పశువైద్యులు దీన్ని కాప్చర్ మయోపతీ అంటారు. పట్టుకోవడమే రోగమన్నమాట!

అందుకే డాక్టర్లు పెంటికల మీద పడ్డారు. జంతువుని ముట్టుకోనక్కర్లేదు. అది పోయాక వెళ్లి ఏరుకొస్తే చాలు. అందులో పురుగుల గుడ్లు ఉన్నాయా అన్నది సూక్ష్మదర్శినిలో తేలుతుంది. హార్మోన్ల జాడల్ని బట్టి ఎదలో ఉందా, చూలుతో ఉందా, బెదిరిపోయి ఉందా అన్నదీ తెలుస్తుంది. లాకోన్స్ శాస్త్రవేత్తలు మూషిక జింకల పునరుత్పత్తి రహస్యాలు చాలావరకు ఇలాగే రాబట్టారు. మిరియం గింజంత పెంటికలో అంత జాతకం ఉంటుందని ఎవరనుకుంటారు?

కొత్తగా వచ్చిన జంతువుని నెలరోజుల పాటైనా విడిగా ఉంచడం, దానికి వాడిన గంప, తొట్టి, చీపురు ఇంకోదానికి వాడకపోవడం, లోపలికి వెళ్లే మనిషి చెప్పులు మందునీళ్లలో ముంచడం... ఇవన్నీ పేపర్లో ఫొటో వేయదగ్గ పనులు కావు. అడవిలో వదిలేనాడు మంత్రిగారు వస్తారు, కెమెరాలు వస్తాయి. అంతకుముందు ఏళ్లతరబడి చెప్పులు ముంచిన మనిషి ఫొటో మాత్రం ఎక్కడా కనపడదు.

తిండి దగ్గర కూడా అంతే జాగ్రత్త కావాలి. బ్రెజిల్ అడవుల్లో బంగారు సింహపు కోతులని చిన్నచిన్న కోతులుంటాయి. వాటిని కాపాడటానికి అమెరికా జూలు ఎంతో కష్టపడ్డాయి. ఆ జాతికి దగ్గర చుట్టాలైన కోతులతో సహా కొన్ని ఉన్నట్టుండి కామెర్లతో చనిపోవడం మొదలైంది. ఆరా తీస్తే తేలిందేమిటి? మాంసకృత్తుల కోసమని ముద్దుగా పెట్టిన ఎలుక పిల్లలు! వాటిలో ఉన్న వైరస్ ఎలుకనేమీ చెయ్యదు. కోతి కాలేయాన్ని తినేస్తుంది. ప్రేమతో పెట్టిన ముద్దే ప్రాణం తీసింది.

మనిషి ఊపిరి కూడా అలాంటిదే. 2021 వేసవిలో కరోనా రెండో అల ఊపేస్తున్నప్పుడు నెహ్రూ జూలో సింహాలకు ముక్కు కారడం, ఆకలి మందగించడం సిబ్బంది గమనించారు. నమూనాలు సీసీఎంబీకి వెళ్లాయి. ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా ఉన్నట్టు తేలింది. మనదేశంలో జూ జంతువుల్లో అలా బయటపడటం అదే మొదలు. అదృష్టం బాగుండి అన్నీ కోలుకున్నాయి. మనుషుల దగ్గరి నుంచే వాటికి అంటి ఉంటుందని డాక్టర్ల అనుమానం. గుర్రుమంటే గుండె ఆగే సింహానికి మన తుమ్ము చాలు!

కప్ప చెప్పిన కథ

సరే, లోపల ఉన్నవాటికి రోగం అంటకుండా చూశాం. మరి లోపలి నుంచి వెళ్లేది అడవికి అంటిస్తే?

స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో ఒక కప్ప ఉంది. మగకప్ప గుడ్ల మాలను కాళ్లకు చుట్టుకుని తిరుగుతుంది. మంత్రసాని కప్ప అంటారు. అది ఎప్పుడో అంతరించిపోయిందనుకున్నారు. 1977లో ఎముకల్ని బట్టి పేరు పెట్టారు. తీరాచూస్తే 1980లో కొండ వాగుల్లో బతికే ఉందని తేలింది. ఇంకేం, అందరికీ సంబరం! పట్టి, పెంచి, 1989 నుంచి మళ్లీ వాగుల్లో వదిలారు. అది గొప్ప విజయమని చెప్పుకున్నారు. కొన్నేళ్లకు ఆ దీవి వాగుల్లో కైట్రిడ్ అనే బూజు కనిపించింది. ప్రపంచవ్యాప్తంగా కప్పల్ని ఊడ్చేస్తున్న బూజు అది. ఎక్కడి నుంచి వచ్చిందంటారా? పెంపక కేంద్రంలో ఆఫ్రికా నుంచి తెచ్చిన కప్పల పక్కనే వీటిని కూడా పెంచారు. వాటి నుంచి వీటికి, వీటి నుంచి వాగుకు చేరింది. 2008లో జన్యు పరీక్షల్లో ఆ లంకె బయటపడింది. ఆ తర్వాత శాస్త్రవేత్తలు కొన్ని గుంటల్లో నీళ్లు తోడేసి, చేపపిల్లల్లా తోకకప్పల్ని పట్టుకుని మందు పట్టించి, రాళ్లను మందుతో కడిగి, మళ్లీ వదలాల్సి వచ్చింది. రక్షించడానికి వెళ్లినవాళ్లే రోగాన్ని పట్టుకెళ్లారు. ఎంత మంచి మనసుతో వెళ్లినా బూజుకు అది తెలియదు కదా!

అమెరికాలో నల్లకాళ్ల ఫెర్రెట్‌ది ఇంకో రకం గోడు. ఇది ముంగిసలాంటి జంతువు. 1981లో వ్యోమింగ్ రాష్ట్రంలో ఒక పెంపుడు కుక్క చచ్చిన ఫెర్రెట్‌ను నోట కరుచుకుని ఇంటికి తెచ్చేదాకా ఆ జాతి ఇంకా ఉందన్న సంగతే ఎవరికీ తెలీదు. 1985లో వాటికి డిస్టెంపర్ సోకింది. కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు ఇది. ఆరింటిని పట్టి ఒకేచోట ఉంచారు. వాటిలో రెండింటికి అప్పటికే జబ్బుంది. ఆరూ పోయాయి. చివరికి 1987 నాటికి మిగిలినవి 18. ఆ పద్దెనిమిదే వంశాన్ని నిలబెట్టాయి. ఈసారి ఒక్కోదాన్నీ విడివిడిగా పెంచారు. టీకాలు వేశారు. 1991 నుంచి మళ్లీ మైదానాల్లో వదిలారు. విడిగా ఉంచడమన్న చిన్న జాగ్రత్త విలువెంతో ఆ ఆరు ఫెర్రెట్లను అడగాలి.

టీకా అన్నాం కదా, అందులోనూ ఒక మెలిక ఉంది. కుక్కల కోసం తయారుచేసిన, బతికున్న బలహీన వైరస్ టీకా ఈ ఫెర్రెట్లకు వేస్తే టీకాయే జబ్బుగా మారి చంపేసిన సందర్భాలున్నాయి. ఒక జంతువుకు పనికొచ్చేది ఇంకో జంతువుకు ప్రాణాంతకం. ‘ఏదో ఒక టీకా వేసి వదిలెయ్యండి’ అనే సలహా అందుకే చెల్లదు.

శామీర్‌పేటలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

ఇక్కడ మళ్లీ మన ఊరి శివార్లలోకి రావాలి. శామీర్‌పేట, తుర్కపల్లి ప్రాంతమంతా జీనోమ్ వ్యాలీ. ప్రపంచంలో పసిపిల్లలకు వేసే టీకాల్లో ఎన్నో ఇక్కడే తయారవుతాయి. కొవాగ్జిన్ వచ్చింది ఇక్కడి నుంచే. ఇటు పశువుల సంగతి చూసినా హైదరాబాద్ తక్కువది కాదు. పాడిపరిశ్రమాభివృద్ధి బోర్డు 1983లో పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ గాలికుంటు టీకాకు పెట్టింది పేరు. శాంతినగర్‌లో ప్రభుత్వ సంస్థ వీబీఆర్ఐ గొర్రెలు, మేకలకు టీకాలు చేస్తుంది. టీకాల రాజధాని అని ఊరికే అనలేదు.

మరి ఇంత ఊళ్లో మూషిక జింకకు టీకా ఉందా? లేదు. ఉండదు కూడా. ఎవరు తయారుచేస్తారు? ఎన్ని డోసులు అమ్ముడుపోతాయి? ఒకవేళ చేసినా అడవిలో తిరిగే జంతువును ఏటా ఎవరు పట్టుకుంటారు? పట్టుకోవడమే రోగమని చెప్పుకున్నాం కదా.

అందుకని లెక్క తిరగేయాలి. జింకకు వేయలేకపోతే, జింకకు రోగం తెచ్చే మేకకు వేయాలి. సింహానికి వేయలేకపోతే కుక్కకు వేయాలి. ఇది చేతకాక చెప్పే మాట కాదు. దీనికి చరిత్ర సాక్ష్యం ఉంది.

ముసర వ్యాధి పేరు పాతతరం రైతులకు గుర్తుండే ఉంటుంది. ఊళ్లో పశువుకు ముసర వచ్చిందంటే దొడ్లు ఖాళీ అయ్యేవి. ఆ రోగం అడవిని కూడా వదల్లేదు. 1968లో బందీపూర్, ముదుమలై అడవుల్లో అడవిదున్నలు దాని బారిన పడి పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. గంభీరంగా నిలబడే ఆ జంతువుకు సూది వెయ్యడం ఎవరి తరం? ఎవరూ వెయ్యలేదు. ఊరూరా తిరిగి ఆవులకు, గేదెలకు, ఎద్దులకు వేశారు. దశాబ్దాల తరబడి వేశారు. ఎండలో ఐస్ డబ్బా భుజాన వేసుకుని, సైకిల్ మీద తిరిగి వేశారు. 2006లో భారతదేశానికి ముసర పీడ పూర్తిగా విరగడైందన్న అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం నుంచే పోయింది. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం ఇది. ఊళ్లో ఆవుకు వేసిన సూది అడవిలో దున్నను కాపాడింది. వన్యప్రాణి సంరక్షణ చరిత్రలో ఇంతకంటే పెద్ద విజయం ఇంకోటి ఉందా అంటే సందేహమే. కానీ దాన్ని వన్యప్రాణి సంరక్షణ అని ఎవరూ అనలేదు. పశుసంవర్ధకశాఖ వార్షిక నివేదికలో ఒక పేరా అయిపోయింది.

ఇప్పుడా స్థానంలో పారుడు రోగం ఉంది. మేకలకు, గొర్రెలకు వచ్చేది. డాక్టర్ల భాషలో పీపీఆర్. ముసర వైరస్‌కు దగ్గర చుట్టమే. జ్వరం, ముక్కు నుంచి చీమిడి, నోట్లో పుండ్లు, ఆగని విరేచనాలు. దీనికి మనదేశంలోనే తయారైన మంచి టీకా ఉంది. కానీ ఈ రోగం మేక దగ్గర ఆగదు. 2016 చివర్లో మంగోలియాలో సైగా అనే అరుదైన జింకల్లోకి దూకింది. పెంపుడు మేకలు, గొర్రెల మందల నుంచే. ఆ తర్వాతి కొద్ది నెలల్లో అక్కడి సైగాలు వేలల్లో చచ్చిపోయాయి. సగానికి పైగా పోయాయని అంచనా.

ఇక 2017కు తిరిగి వద్దాం. మార్చిలో ఎనిమిది మూషిక జింకలు అమ్రాబాద్ వెళ్లాయి. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. పొరుగు రాష్ట్రాల సంతల నుంచి లారీల మీద లారీలు. గొల్లకురుమల ఇళ్లలో నాలుగు డబ్బులు ఆడాలన్న ఉద్దేశంలో తప్పు పట్టడానికేం లేదు. కానీ ఊరుకాని ఊరి నుంచి, ఇరుకులో కుక్కి, రాత్రీపగలూ ప్రయాణం చేయించిన గొర్రె రోగానికి తయారుగా ఉన్నట్టే. ఈ సంగతి ఏ కాపరినడిగినా చెబుతాడు. ఎనిమిది జింకలకు అన్ని పరీక్షలు చేసి, అన్ని రోజులు విడిగా ఉంచి పంపినవాళ్లం... లక్షల గొర్రెల్ని ఎన్ని రోజులు విడిగా ఉంచాం? ఆ గొర్రెల వల్ల ఫలానా అడవిలో ఫలానా జంతువుకు హాని జరిగిందని కాదు. రెండు శాఖలు, రెండు ఫైళ్లు, ఒకే అడవి. అదీ సంగతి.

అమ్రాబాద్ అడవి ఖాళీ అడవి కూడా కాదు. చెంచుపెంటలున్నాయి, వాళ్ల కుక్కలున్నాయి. ఒంటిమీద మచ్చలుండే పొడ తూర్పు పశువుల మందలు ఆ కొండల్లో తరతరాలుగా మేస్తున్నాయి. తెలంగాణ నుంచి దేశవాళీ జాతిగా గుర్తింపు తెచ్చుకున్న పశువులవి. వాటిని తోలెయ్యమనడం న్యాయం కాదు, జరిగే పనీ కాదు. వాటికి వేళకు గాలికుంటు టీకా, గొంతువాపు టీకా అందితే లాభం కాపరికి. దాంతోపాటు ఉచితంగా అడవికి.

కుక్కల సంగతి మరీ ముఖ్యం. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో మూడోవంతు సింహాలు చనిపోయాయి. చంపింది డిస్టెంపర్. తెచ్చినవి చుట్టుపక్కల ఊళ్ల కుక్కలు. అయ్యో ఆఫ్రికా అనుకున్నాం. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన గిర్ అడవిలో, ఒక్క దల్ఖానియా రేంజిలోనే 23 సింహాలు పోయాయి. కొన్నిటిలో అదే వైరస్, కొన్నిటిలో గోమార్ల వల్ల వచ్చే బబేసియా. హడావుడిగా అమెరికా నుంచి టీకాలు తెప్పించారు. గిర్ చుట్టూ ఉన్న ఊళ్లలో కుక్కలకు టీకాలు వేసే పని కూడా అప్పుడే జోరందుకుంది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడమంటే ఇదే.

ఇంత చెప్పుకున్నాక కూడా లెక్క తప్పే అవకాశం ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని కునోలో చిరుతపులిని పోలిన చీతాలను వదిలినప్పుడు ఎవరూ జాగ్రత్తలు తీసుకోలేదని అనలేం. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 వచ్చాయి. టీకాలు వేశారు, విడిగా ఉంచారు. అయినా 2023 మార్చిలో సాషా అనే ఆడచీతా మూత్రపిండాల జబ్బుతో పోయింది. ఆ జబ్బు ఇక్కడికి రాకముందే ఉందట. జులైలో ఇంకో దెబ్బ. వానల్లో చీతాల మెడకున్న రేడియో కాలర్ల కింద చర్మం నాని, పుండుపడి, పురుగులు పట్టి, విషం రక్తంలోకి ఎక్కింది. కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. దక్షిణార్ధగోళంలో జూన్, జులై చలికాలం. వేల ఏళ్ల అలవాటు కొద్దీ ఆ చీతాల ఒంటిమీద దట్టంగా చలికాలపు బొచ్చు పెరిగింది. కునోలో అది వానాకాలం. తడి బొచ్చు, పైన పట్టీ! జంతువును విమానంలో తేగలిగాం. దాని క్యాలెండర్‌ను మార్చలేకపోయాం.

డాక్టరు సంచిలోనే...

నెహ్రూ జూలో ఇంకో పెంపకం కూడా ఉంది. రాబందులది. ఒకప్పుడు ఊరి చివర పశువు చస్తే క్షణాల్లో ఆకాశంలో నల్లచుక్కలు కనపడేవి. తొంభైల్లో అవి ఉన్నట్టుండి మాయమవడం మొదలైంది. చెట్టుమీద తల వేలాడేసి కూర్చుని, పడిపోయి చచ్చేవి. మొదట అందరూ అనుకున్నది ఏదో కొత్త వైరస్ అనే. ఆ వైరస్ కోసం ఏళ్లతరబడి వెతికారు. 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధనలో అసలు దోషి బయటపడింది. అది వైరస్ కాదు, డైక్లోఫెనాక్. పశువుకు నొప్పులకని పొడిచే ఇంజెక్షన్! ఆ మందు ఒంట్లో ఉండగా పశువు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు దెబ్బతిని రోజుల్లో చచ్చిపోతుంది. రోగాన్ని తగ్గించే సూదే రోగమై కూర్చుంది.

2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మనదేశం నిషేధించింది. అయితే మనుషులకు వాడే పెద్ద సీసాలు పశువుల దాకా వెళ్తూనే ఉన్నాయి. 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసాను మూడు మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు వద్దన్నారు. రాబందులకు హాని చెయ్యని మెలాక్సికామ్ లాంటి మందులు ఉన్నాయి, పశువుకు పనీ చేస్తాయి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనపడ్డప్పుడు అందరూ పండగ చేసుకున్నారు. ఆ గుట్ట మీద అవి ఉంటాయా, పెంచినవాటిని ఎక్కడైనా వదిలితే బతుకుతాయా అన్నది గుట్ట మీద తేలే విషయం కాదు. రాబందు తిండి వెతుక్కుంటూ రోజుకు ఎన్నో పదుల కిలోమీటర్లు తిరుగుతుంది. అందుకే రాబందుల రక్షిత ప్రాంతమంటే చుట్టూ వంద కిలోమీటర్ల లెక్కన గీస్తారు. అన్ని ఊళ్లలో, అన్ని మందుల షాపుల్లో, అర్ధరాత్రి గేదె కాలు లేపలేకపోతే పిలిచే అందరి సంచుల్లో ఏ సీసా ఉందన్నదే ప్రశ్న.

2017 నుంచి తెలంగాణ పల్లెల్లో 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తోంది. ఎద్దు పడిపోయినా, మేక ఈనలేకపోయినా అదే దిక్కు. అందులో వచ్చే డాక్టరును వన్యప్రాణి నిపుణుడని ఎవరూ అనరు. ఆయన కూడా అనుకోడు. అడవి అంచు ఊళ్లో నలభై మేకలకు పారుడు టీకా వేసి, రెండు కుక్కలకు రేబిస్ సూది పొడిచి, నొప్పితో ఉన్న గేదెకు మెలాక్సికామ్ ఇచ్చి, రిజిస్టరులో మేకలు 40, కుక్కలు 2, గేదె 1 అని రాసుకుంటాడు. జింకలు, రాబందులు అని రాయడానికి ఆ రిజిస్టరులో గడి లేదు.